మూట నుండి వీపుసంచి వఱకు

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయునపుడు ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు వినుట మన ఆచారము. ప్రయాణములకు కూడ పంచాంగమున చోటు కలదు. ఏ వారమున ఏ దిక్కునకు శూలయో, ఏ నక్షత్రమున గడప దాటవలెనో అందు చెప్పబడియుండును. కాని బయలుదేరువాడు వెంట ఏమి తీసికొనిపోవలెను, దానిని ఎవరు మోయవలెను అను సంగతి మాత్రము అందుండదు.

కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో స్థిరపడిన మన కుటుంబములలో పెక్కింటి చరిత్రకు మొదటి పుట ఒక మూటయే. పెద్దలు తరువాత కొన్న భూములు, కట్టిన ఇండ్లు దస్తావేజులకు ఎక్కినవి. వచ్చిన మొదటి దినమున వారి నెత్తిమీదనున్న మూట మాత్రము ఏ దస్తావేజునకును ఎక్కలేదు. నేడు వారి మనుమలు, మునిమనుమలు చదువులకో, ఉద్యోగములకో కాక, దేశములు చూచుటకే నెలల తరబడి బయలుదేరుచున్నారు. వీపుసంచి కొనుటకు అంగడికి పోయి, వరుసగా వ్రేలాడు రకరకముల సంచులను చూచి, ఏది మంచిదో తేల్చుకొనలేక తిరిగివచ్చువారు కలరు. ఆ సంచికి ఒక చరిత్ర కలదు. అది యంతయు ఒక్క ప్రశ్నచుట్టు తిరుగును. ప్రయాణించువాడు ఒకడు, బరువు మోయువాడు మఱియొకడునా? లేక ఇద్దరును ఒక్కడేనా?

ఎనిమిది వస్తువుల యాత్రికుడు

మన దేశమున దీర్ఘయాత్రకు సామానుల పట్టిక వేసినవారిలో బౌద్ధులు చాల ప్రాచీనులు. భిక్షువునకు ఎనిమిది పరిష్కారములు మాత్రమే ఉండవలెనని వారి నియమము. మూడు వస్త్రములు, ఒక భిక్షాపాత్ర, ఒక నడికట్టు, ఒక మంగలికత్తి, ఒక సూది, నీరు వడియగట్టుకొనుటకు ఒక గుడ్డ. ఇంతియే. అమరావతికిని, నాగార్జునకొండకును దూరదేశముల నుండి నడచివచ్చిన భిక్షువులకు శాస్త్రప్రకారము గల ఆస్తి ఇది. ఈ పట్టికలో విశేషమేమనగా, చినిగినదానిని కుట్టుకొనుటకు సూది ఉన్నదిగాని, చినిగినచో మార్చుకొనుటకు నాలుగవ వస్త్రము లేదు.

అయితే నియమము వేరు, అవసరము వేరు. 7వ శతాబ్దమున చీనా దేశమునుండి వచ్చి ఆంధ్రదేశమును, ధాన్యకటకమును దర్శించిన హ్యూయాన్‌త్సాంగు సంగతి చూడుడు. టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో ఆయనదని ప్రసిద్ధికెక్కిన 14వ శతాబ్దపు జపాను చిత్రమొకటి కలదు. అందు ఆయన వీపున చట్రము కట్టుకొని, గ్రంథముల చుట్టలన్నియు తానే మోయుచు ఒంటరిగా నడచుచుండును. పాఠ్యపుస్తకములలో మన పిల్లలు చూచునది ఇట్టి బొమ్మయే. నిజమునకు ఆయన 645లో స్వదేశము చేరునాటికి తెచ్చిన 657 గ్రంథములను మోయుటకు 20 గుఱ్ఱములు కావలసివచ్చెనని చరిత్ర చెప్పుచున్నది. త్రోవలో సింధునది దాటునపుడు పడవ ఒరిగి కొన్ని గ్రంథములు నీటిపాలైనవి. మోసినవి గుఱ్ఱములైనను, చిత్రకారుడు ఆ బరువును యాత్రికుని వీపుననే ఉంచెను. తన బరువు తాను మోసికొనువానియందు లోకమునకు గల గౌరవము అట్టిది.

పెరికె, కావడి, పల్లకి

తెలుగునాట బండ్లబాటలు లేని కాలమున సరకు ఎద్దుల వీపుమీద నడచెను. ఎద్దునకు ఇరుప్రక్కల దిగవేయు గోనెసంచియే పెరికె. ఉప్పు, ధాన్యము, ప్రత్తి ఈ పెరికెలలోనే దేశము దాటెను. లంబాడీల ఎద్దుల బిడారులు సైన్యములను సైతము పోషించినవి. 1791-92లో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణముపై దండు వెడలినపుడు ఆ దండునకు ధాన్యము చేర్చినవారిలో వీరు ముఖ్యులు. మనుష్యుని భుజమునకు కావడిబద్ద ఉండెను. కావడి నియమము ఒక్కటే: ఇటు ఎంతయో అటు అంత. ఒక ప్రక్క బరువు పెరిగినచో మోయువాడు రెండవ ప్రక్క ఒక రాయి కట్టుకొనియైనను సరిచేసికొనవలెను. బరువుకంటె బరువు కుదరకపోవుటయే మనిషిని ముందు పడగొట్టునని కావడివాడు ఎఱుగును.

తెలుగు యాత్రాసాహిత్యమునకు పెద్దదిక్కైన ఏనుగుల వీరాస్వామయ్యగారి ప్రయాణము ఇట్టి కాలపుదే. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీ, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల త్రోవను 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. 15 నెలలకు పైబడిన ఈ యాత్రలో వెంట నడచినవారు దాదాపు నూరుమంది. కుటుంబమువారు, పరిచారకులు, పల్లకి మోయు బోయీలు అందుండిరి. త్రోవలో ఏ ఊర ఏ సరకు దొరకును, ఏ నది ఎట్లు దాటవలెను అను సంగతులు ఆయన ఓపికతో వ్రాసి మిత్రునకు పంపెను. 1838లో అవి కాశీయాత్రచరిత్రయను పేర అచ్చుపడినవి.

ఆ గ్రంథము మనకు దొరకుట మన భాగ్యము. అయినను ఒక మాట ఆలోచింపదగినది. యజమాని నడచిన ప్రతి ఆమడయు బోయీలును నడచిరి. అదియును భుజమున పల్లకితో. కాశి వారును చూచిరి, గంగ వారును దాటిరి. కాని బోయీలు వ్రాసిన కాశీయాత్ర మనకు లేదు. భుజము ఖాళీ లేనివానికి చేయియు ఖాళీ యుండదు గదా.

కూలికి పోయినవారి మూట

యానాము వారికి కోరంగి ఇరుగుపొరుగు. ఒకప్పుడు ఓడలతో కిటకిటలాడిన ఆ రేవు 1839 నాటి తుపానుతో చితికిపోయెను. తరువాత ఓడలు కాకినాడకు మరలినవి. అయినను బర్మాదేశమున తెలుగువారికి ఆ రేవు పేరుననే ‘కోరంగీలు’ అను పేరు నిలిచిపోయెను. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి వేలాది జనము రంగూనుకు పోయిరి. వారు అచట చేసినపని ఏమి? ముఖ్యముగా బరువు మోయుటయే. రేవులో ఓడలనుండి బస్తాలు దించుట, రిక్షాలు లాగుట. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనులలో సగమునకు పైగా భారతీయులే. దానికి ముందు 1930 మేలో తెలుగు రేవుకూలీల సమ్మె పర్యవసానముగా రేగిన కల్లోలమున మనవారు పెక్కురు ప్రాణములు కోల్పోయిరి.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడినవి. తరువాతి నెలలలో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు మరలిరి. కొందరు తౌంగుప్ కనుమ త్రోవను ఆరకాను వైపు, కొందరు తమూ మీదుగా మణిపురము వైపు నడచిరి. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. నడచినవారికి ఆకలి, కలరా, మన్నెపుజ్వరము తోడుగా వచ్చినవి. అంతకాలము ఇతరుల బస్తాలు మోసినవారు ఆనాడు తమ బిడ్డలను, తమ మూటలను మోసికొని నడచిరి. అట్టి నడకలో ఏది విడువవలెను, ఏది ఉంచవలెను అను ప్రశ్న అంగడిలో పుట్టినది కాదు. ప్రాణము మీదికి వచ్చినది. గిన్నెలా, బట్టలా, బియ్యమా? సామానుల పట్టికయన్నది అంతటి గంభీరమైన విషయమని తెలిసికొనుటకు 1942 నాటి ఆ త్రోవను మించిన సాక్ష్యము అక్కరలేదు.

ఇట్లే కట్టడపు పనులకు బొంబాయి పోయిన కామాఠీల పేర కామాఠిపురా వెలసెను. మగ్గము నమ్ముకొన్న పద్మశాలీలు షోలాపురము, భివండి చేరిరి. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టుటకు రాష్ట్రములు దాటిరి. వీరందరిదియు ఒక్కటే తీరు. మోయువాడును, ప్రయాణించువాడును ఒక్కడే. కాని అది వాని ఎన్నిక కాదు.

రైలు, ట్రంకుపెట్టె, హోల్డాలు

1856 జులై 1న రాయపురమునుండి వాలాజావఱకు మద్రాసు రైలు నడచెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలువంతెన తెఱవబడెను. బరువు ఇక ఇనుపచక్రముల పాలయ్యెను గనుక ప్రయాణపు సామాను ఒక్కసారిగా ఉబ్బెను. రేకు ట్రంకుపెట్టె, పరుపు చుట్టిన హోల్డాలు, మంచినీళ్ల కూజా, ఫలహారపు బుట్ట, ఊరగాయ జాడీ. బండిలోనికి ఎక్కించిన పిమ్మట వీటిని గుఱించి విచారమే లేదు. కాని ఇంటినుండి స్టేషనుకును, ప్లాటుఫారమునుండి జట్కాకును నడుమగల కొద్దిదూరము మాత్రము మఱియొకని నెత్తి కావలసెను. ఎఱ్ఱచొక్కా వేసికొన్న ఆ మనిషిని నూరేండ్లకు పైగా ‘కూలీ’ అనియే పిలిచితిమి. 2016 నాటి రైల్వే బడ్జెటులో ఆ పేరు మార్చి ‘సహాయక్’ అనవలెనని ప్రకటించిరి. నెత్తిమీది బరువు పేరుతోపాటు మారలేదు.

ఆ బరువును నిజముగా తగ్గించినది సంచి అడుగున చేరిన చక్రము. 1970లో బెర్నార్డు శాడో అను అమెరికావాడు పెట్టెకు చక్రములు తగిలించి 1972లో హక్కుపత్రము పొందెను. 1987లో రాబర్టు ప్లాతు అను విమానచోదకుడు నిలువుగా నిలిపి, పిడిపట్టి లాగు పెట్టెను కల్పించెను. మనిషి చంద్రునిపై కాలు మోపినది 1969లో. పెట్టెకు చక్రములు ఆ తరువాత వచ్చినవన్నచో వింతగా తోచును. మోయుటకు వేరొకడు ఉన్నంతకాలము చక్రమును గుఱించి ఆలోచింప నక్కర లేకపోయెను కాబోలు.

వీపు చట్రము

చక్రమునకు నున్నని నేల కావలెను. కొండదారి, మెట్లు, ఇసుక, బురద ఉన్నచోట వీపే శరణ్యము. ఈ విషయమున మనిషి ప్రయత్నము చాల పాతది. 1991 సెప్టెంబరులో ఆల్ప్సు పర్వతములలో మంచున కప్పబడిన ఒక మనిషి శవము దొరకెను. అతడు సుమారు 5300 సంవత్సరముల క్రిందటివాడు. వానిదగ్గఱ వంచిన కఱ్ఱబద్దయు, అడ్డుపలకలును ఉండెను. అది వీపున కట్టుకొను చట్రమని పెక్కురు పరిశోధకుల అభిప్రాయము.

నవీనకాలమున నార్వేవాడైన బెర్గాను 1908 ప్రాంతమున సంచికి వీపు వంపునకు తగిన చట్రము అమర్చెను. అమెరికాలో లాయిడ్ నెల్సను అనునతడు అలాస్కాలో ఆదివాసులు వాడు కఱ్ఱచట్రపు మోపును చూచి, దానిని దిద్ది, 1924లో హక్కుపత్రము పొందెను. ఇవి బలమైనవే గాని బరువైనవి. అసలు మార్పు 1952లో వచ్చెను. కాలిఫోర్నియాలోని గ్లెండేలు పట్టణమున డిక్ కెల్టీ అల్యూమినియము గొట్టములతో చట్రములు చేయుచుండగా, ఆయన భార్య ఇంటిలోనే సంచులు కుట్టుచుండెను. ఒకనాటి కొండనడకలో చట్రపు కొనలను పంట్లాము వెనుకజేబులలో దోపికొన్నంతనే బరువు భుజములనుండి దిగి నడుమునకు చేరినట్లు తోచెనని చెప్పుదురు. అందుండి నడుముపట్టీ ప్రచారమునకు వచ్చెను. 1963లో ఎవరెస్టు నెక్కిన అమెరికా బృందము ఆయన సంచులనే వాడెను. 1967లో గ్రెగ్ లో అనునతడు చట్రమును సంచి లోపలనే దాచెను. నేటి దీర్ఘయాత్రాసంచులు ఎక్కువభాగము ఆ కోవకు చెందినవే. ఇంతలో డ్యూపాంటు సంస్థలో కరోథర్సు బృందము 1935లో కనిపెట్టిన నైలాను, మందపు క్యాన్వాసుగుడ్డ స్థానమును ఆక్రమించెను. సంచి తేలికయయ్యెను.

నడుముపట్టీలోని రహస్యము మన ఆడువారికి ఏనాడో తెలిసినదే. నెత్తిన చుట్టకుదురు పెట్టి, బిందెమీద బిందె నిలిపి నడచు ఇల్లాలు బరువును వెన్నెముకమీదుగా నిట్టనిలువున కాళ్లకు దింపుచున్నది. భుజమునకు వ్రేలాడదీసిన బరువైతే మెడను, వీపును వెనుకకు లాగును. నడుముపట్టీ బిగించినపుడు బరువు తుంటియెముకలమీద కూర్చుండి, అక్కడనుండి సూటిగా కాళ్లకు పోవును. దారి వేఱైనను సూత్రము ఒక్కటే.

ఈ సంచి తగిలించుకొని 1960-70 సంవత్సరములలో ఐరోపా యువకులు ఇస్తాంబులు, టెహ్రాను, కాబూలు మీదుగా ఢిల్లీకి, కాట్మండుకు నేలదారిన వచ్చిరి. 1979లో ఇరాను విప్లవముతోను, ఆఫ్ఘనిస్తానమున సోవియటు సైన్యప్రవేశముతోను ఆ త్రోవ మూతపడెను. త్రోవ పోయినను మర్యాద నిలిచెను. డబ్బు కొద్దిగానున్నను, తన బరువు తానే మోసికొని, తోచిన చోట దిగి, తోచినన్నాళ్లు ఉండుట గౌరవమైన ప్రయాణమే అని లోకము ఒప్పుకొనెను.

కొనుబోవువారికి

ఈ చరిత్రనుండి కొనుబోవువారు గ్రహింపదగిన నియమములు కొన్ని కలవు.

మొదటిది: సంచిని చివర కొనవలెను. ముందు సామానులు నేలమీద పఱచుకొని, తీసివేయదగినవి తీసివేసి, మిగిలినవానిని కొలిచి అంగడికి పోవలెను. పెద్దసంచి ముందు కొన్నచో అది ఖాళీగా నుండనీయదు. ఏదో ఒకటి వేయించుకొనును. ఎండ ప్రదేశములలో తిరుగువారికి, వారమున కొకసారి బట్టలు ఉతికికొనువారికి 40 లీటర్ల సంచి సాధారణముగా చాలును. నెల ప్రయాణమునకును, సంవత్సరపు ప్రయాణమునకును బట్టల సంఖ్య ఒక్కటే. ఉతుకుట మాత్రమే ఎక్కువ. చలిదేశములకు, గుడారముతో పోవువారికి 55 లేక 60 లీటర్లు కావచ్చును.

రెండవది: మనిషి ఎత్తును కాదు, వీపు పొడవును కొలువవలెను. తల వంచినపుడు మెడ మొదట పైకి తేలు ఎముకనుండి, తుంటియెముకల పైయంచునకు సమమైన రేఖవఱకు దారముతో కొలిచిన వచ్చునదే ఆ పొడవు. ఆరడుగుల మనిషికి పొట్టివీపును, పొట్టిమనిషికి పొడుగువీపును ఉండవచ్చును. పట్టీలను పైకి క్రిందికి జరుపు ఏర్పాటున్న సంచి మేలు. స్త్రీలకు భుజపట్టీల వంపు, నడుముపట్టీ కోణము వేఱుగా చేసినవి దొరకును.

మూడవది: ఖాళీసంచి తగిలించుకొని అద్దమున చూచికొనుట వ్యర్థము. అంగడిలోనే 8, 10 కిలోల బరువు వేయించి, ముందు నడుముపట్టీ తుంటియెముకలపై బిగించి, తరువాత భుజపట్టీలు సరిచేసికొని, పావుగంట నడచి, మెట్లెక్కి దిగవలెను. భుజముమీద వ్రేలు దూరునంత సందుండి, బరువు నడుమున తెలియవలెను. మొత్తము బరువు మనిషి బరువులో అయిదవవంతు దాటరాదు. అంతకు తక్కువైన మఱింత మంచిది. విమానములలో చేతిసంచిగా తీసికొనిపోదలచినవారు పరిమితులు ముందు చూచికొనవలెను. మనదేశపు విమానములలో సాధారణ తరగతివారికి అది సామాన్యముగా 7 కిలోలు.

నాలుగవది: చూడవలసినవి రంగులు కావు, కుట్లు. భుజపట్టీ సంచికి చేరుచోట కుట్టు రెండుమూడు వరుసలుగా నున్నదా? జిప్పు లావుగా నుండి, తాళము పెట్టుటకు వీలున్నదా? పెట్టెవలె ముందుభాగము పూర్తిగా తెఱచుకొనునా? వానతొడుగు ఉన్నదా? సర్దునపుడు బరువైనవి వీపునకు దగ్గఱగా, నడుమ ఉండవలెను. కావడివాని పాఠము ఇచటను వర్తించును: రెండు ప్రక్కలు సమము.

బయలుదేరు పిల్లల సంచిలో ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, సున్నుండల పొట్లము దూర్చు తల్లులకును ఒక విన్నపము. ప్రేమకు తూకము లేదు గాని, సీసాకు ఉన్నది. పొడియైనచో పంపుడు, నూనెసీసాను ఇంటనే ఉంచుడు. తిరిగివచ్చువానికి అది ఎదురుచూచుచుండును.

పల్లకిలో కూర్చున్నవాడు తన సామాను బరువు ఎఱుగడు. మూటతో కూలికి పోయినవాడు బరువు ఎఱుగును గాని దానిని దించుకొను స్వేచ్ఛ ఎఱుగడు. వీరిద్దరి తరువాత పుట్టిన మన పిల్లలకు మాత్రమే బరువును తామే ఎన్నుకొని, తామే మోసికొని, అలసినచోట దించుకొను యోగము పట్టినది. ఇది అంగడిలో కొన్నది కాదు. రంగూను రేవులలో, షోలాపురపు మగ్గములవద్ద, బొంబాయి కట్టడములపైన మన పెద్దల మెడలు, నడుములు చెల్లించిన వెలకు దొరకినది. కనుక ఈ ఉగాదికి సంచి సర్దుకొను ప్రతి యువతీయువకుడును తనకు మోయగలిగినంతయే తీసికొని, ఆ బరువును మఱియొకని నెత్తిన పెట్టక, సుఖముగా పోయి సుఖముగా తిరిగివచ్చుదురు గాక.